ఉత్త పనికి పంపే రోజు: ఏప్రిల్ 1పై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఏప్రిల్ ఫూల్ గురించి వచ్చిన ఉత్తరాలు కట్టగా పేరుకుపోవడంతో ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము. ఒకే ప్రశ్నను నలుగురైదుగురు అడిగిన చోట వాటిలో ఒక ఉత్తరాన్ని మాత్రమే ప్రచురించి, జవాబును అందరికీ కలిపి రాశాను.

ప్రశ్న: పూర్వం హిందువులకు ఏప్రిల్ 1నే కొత్త సంవత్సరమనీ, ఇంగ్లీషువాళ్ళు జనవరి 1ని మన నెత్తిన రుద్ది, పాత పద్ధతిని వదలని వాళ్ళను వెక్కిరించడానికి ‘ఏప్రిల్ ఫూల్’ అనే పేరు పెట్టారనీ మా వాట్సాప్ గ్రూపులో ఏటా ఒక సందేశం తిరుగుతోంది. ఇందులో నిజమెంత?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, ఈ సందేశం తప్పని తేల్చడానికి చరిత్ర గ్రంథాల దాకా వెళ్ళనక్కరలేదు, గోడకు వేలాడే పంచాంగం క్యాలెండరు చాలు. మన ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి నాడు వస్తుంది. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే కాబట్టి ఇంగ్లీషు తేదీల లెక్కలో ఉగాది ఏటా పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరుగుతూ, అధిక మాసం వచ్చినప్పుడు ఒక్కసారిగా ముందుకు వెళుతుంది. 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న ఉగాది చేసుకున్నాము. సౌరమానం పాటించే తమిళులకు, పంజాబీలకు కొత్త సంవత్సరం ఏప్రిల్ నడుమ వస్తుంది. ఏప్రిల్ 1వ తేదీకి కట్టుబడిన సంవత్సరాది మన దేశంలో ఏ పంచాంగంలోనూ లేదు.

కాలక్రమం కూడా ఈ కథకు సాక్ష్యం చెప్పదు. ఏప్రిల్ మొదటి తేదీని ఇంగ్లండులో మూర్ఖుల పండుగగా జరుపుకుంటున్నారనీ, జర్మనీలోనూ అంతటా ఇదే ఆచారం ఉన్నదనీ జాన్ ఆబ్రీ అనే పండితుడు 1686లో రాసుకున్నాడు. ప్లాసీ యుద్ధం జరిగింది 1757లో. ఆబ్రీ ఆ మాట రాసేనాటికి ఇంగ్లీషువాళ్ళు మనకు పాలకులు కారు. 1611లో మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టుకొని అద్దకపు బట్టలు బేరమాడిన వర్తకులు మాత్రమే. పైగా అప్పటికి వాళ్ళ సొంత దేశంలోనే చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి 1ని సంవత్సరాదిగా ఇంగ్లండు అధికారికంగా ఒప్పుకున్నది 1752లో. తమకే లేని జనవరి 1ని మనమీద రుద్ది, అది ఒప్పుకోలేదని మనల్ని వెక్కిరించారనడం పొసగని మాట.

ఇదే అచ్చులో పోసిన మరో సందేశం ముస్లిం మిత్రుల మధ్య తిరుగుతూ ఉంటుంది. స్పెయిన్‌లోని చివరి ముస్లిం రాజ్యమైన గ్రనడాను క్రైస్తవ రాజులు ఏప్రిల్ 1న మోసం చేసి పట్టుకున్నారనీ, ఆ మోసానికి గుర్తే ఈ పండుగ అనీ అందులో ఉంటుంది. గ్రనడా లొంగిపోయింది 1492 జనవరి 2న. ఎవరి గాయానికి తగ్గ కథను వారి చేతికి అందించే నేర్పు ఈ సందేశాలు తయారుచేసేవాళ్ళకు బాగా ఉంది. ఏప్రిల్ 1న పదిమందికీ పంపుతున్న ఈ సందేశమే ఆ రోజుకు తగిన పరాచికమని ఈసారి మీ గ్రూపులో రాసి చూడండి.

ప్రశ్న: అయితే ఇది ఫ్రాన్సులో పుట్టిందన్న మాటయినా నిజమేనా? రాజు కొత్త సంవత్సరాన్ని జనవరికి మార్చినప్పుడు, ఆ సంగతి తెలియక ఏప్రిల్‌లోనే పండుగ చేసుకున్న పల్లెటూరివాళ్ళను జనం ఆటపట్టించారని మా పాఠశాల పత్రికలో చదివాను.
– ఒక పదో తరగతి విద్యార్థిని, హనుమకొండ

జవాబు: అమ్మా, నీ పాఠశాల పత్రికే కాదు, పెద్ద పెద్ద దినపత్రికలు కూడా ఏటా మార్చి 31 రాత్రి ఈ కథనే తిరగరాస్తాయి. ఇందులో సగం నిజం ఉండటమే చిక్కు. ఫ్రాన్సు రాజు తొమ్మిదవ షార్ల్ 1564లో రూసియాన్ అనే ఊళ్ళో జారీ చేసిన శాసనంతో ఆ దేశంలో సంవత్సరాది జనవరి 1కి మారిందన్నది నిజం. అయితే అంతకుముందు పారిస్ న్యాయస్థానాల లెక్కలో సంవత్సరం ఈస్టరు పండుగతో మొదలయ్యేది, ఈస్టరేమో మన ఉగాది లాగే ఏటా తేదీ మారే పండుగ. మరికొన్ని ప్రాంతాల్లో మార్చి 25న, ఇంకొన్ని చోట్ల క్రిస్మస్ నాడు లెక్క మొదలుపెట్టేవారు. మార్చి 25న మొదలైన ఉత్సవాలు ఎనిమిదో రోజున, అంటే ఏప్రిల్ 1న ముగిసేవని కొందరు సర్దిచెబుతారు గాని, అది తేదీని కుదర్చడానికి తర్వాత వేసిన అతుకులా కనిపిస్తుంది.

ఈ కథను కూలదోసే సాక్ష్యం ఫ్రాన్సు పొరుగున ఉన్న ఫ్లాండర్స్‌లో దొరికింది. బ్రూజ్ నగరానికి చెందిన ఎడ్వార్డ్ డె డేనె అనే కవి 1561లో ఒక హాస్య కవిత రాశాడు. షార్ల్ రాజు శాసనానికి అది మూడేళ్ళు ముందు. ఒక ప్రభువు పెళ్ళి విందుకు ఏర్పాట్లు చేసే నెపంతో తన సేవకుణ్ణి అర్థంపర్థం లేని పనుల మీద అటూ ఇటూ తిప్పుతాడు. ఆ సేవకుడు మాత్రం అమాయకుడు కాడు. ఇవాళ ఏప్రిల్ ఒకటో తేదీ అన్న ఎరుక అతనికి ఉంది. ప్రతి చరణం చివరా, నన్ను ఉత్త పనికి పంపుతున్నారేమోనన్న గుబులును అతను బయటపెడుతూనే ఉంటాడు, అయినా యజమాని మాట కాదనలేక వెళుతూనే ఉంటాడు. కవిత శీర్షికలోనే ఆ రోజుకు ‘పనికి పంపే రోజు’ అనే అర్థం వచ్చే పేరుంది. 1561 నాటికే అక్కడి పాఠకులకు వివరించి చెప్పనక్కరలేనంత పాత ఆచారం అది అయ్యుండాలి, లేకపోతే ఆ పరిహాసమే పండదు.

ఇక్కడ నీకొక సరదా సంగతి చెబుతాను. డచ్చివాళ్ళకు కూడా ఒక సొంత కథ ఉంది. స్పెయిన్ మీద తిరుగుబాటు చేసిన డచ్చి ఓడల దండు 1572 ఏప్రిల్ 1న బ్రీల్ అనే రేవు పట్టణాన్ని పట్టుకుంది. స్పెయిన్ తరఫున అక్కడ పాలిస్తున్న ఆల్బా ప్రభువు ఆ రోజున తన ‘బ్రిల్’ పోగొట్టుకున్నాడని డచ్చి పిల్లలు పాడుకుంటారు. వాళ్ళ భాషలో బ్రిల్ అంటే కళ్ళజోడు. శ్లేష ముచ్చటగా ఉంది, యుద్ధం నిజంగా జరిగింది, తేదీ కూడా సరిపోయింది. కానీ బ్రూజ్ కవి సేవకుడు అంతకు పదకొండేళ్ళ ముందే వీధులు తిరిగి అలసిపోయాడు.

ఇంగ్లండులో కవి చాసర్ 14వ శతాబ్దం చివర చెప్పిన కోడిపుంజు, నక్క కథలో ఈ రోజు ప్రస్తావన ఉందని కొందరంటారు. మార్చి మొదలై ముప్పై రెండు రోజులైందని అందులో ఉన్న పాదాన్ని పట్టుకొని ఏప్రిల్ 1 అని లెక్కకట్టారు. అదే చోట సూర్యుడు వృషభ రాశిలో ఇరవయ్యొక భాగలు దాటాడని కూడా కవి చెప్పాడు. అది మే నెల ఆరంభానికి సరిపోతుంది గాని ఏప్రిల్ మొదటి రోజుకు కాదు.

ఇక ఇంగ్లండులో రూఢిగా నమోదైన తొలి పరాచికం లండన్ కోటలో జరిగింది. ఆ రోజుల్లో కోటలో రాజుగారి జంతుశాల ఉండేది, అందులో నిజమైన సింహాలు ఉండేవి. ఏప్రిల్ 1న ఆ సింహాలకు కోట కందకంలో స్నానం చేయిస్తారని నమ్మించి కొందరిని అక్కడికి పంపినట్టు 1698 ఏప్రిల్ 2 నాటి ఒక వార్తాపత్రిక రాసింది. ఆ వేళాకోళం ఎంత బాగా నిలదొక్కుకుందంటే, 1835లో జంతుశాల మూతపడి సింహాలు కోటను వదిలిపోయిన తర్వాత కూడా, 19వ శతాబ్దం నడిమి కాలంలో ఎవరో చక్కగా అచ్చువేసిన ప్రవేశపత్రాలను పంచి, తెల్ల ద్వారం గుండా మాత్రమే లోపలికి రావాలని అందులో షరతు కూడా పెట్టారు. కోటకు ఆ పేరుగల ద్వారం లేదు. చేతిలో పత్రం పట్టుకొని లేని ద్వారం కోసం గోడ చుట్టూ తిరిగిన ఆ జనాన్ని తలుచుకుంటే నాకు నవ్వు కంటే జాలే ఎక్కువ కలుగుతుంది.

ఇంతకీ ఎవరు మొదలుపెట్టారన్న నీ ప్రశ్నకు ఒక పేరు, ఒక సంవత్సరం చెప్పి ముగించే వీలు లేదు. 16వ శతాబ్దం నడుమకు పశ్చిమ ఐరోపాలో ఈ ఆచారం బాగా పాతుకుపోయి ఉంది. దాని మూలరూపం అబద్ధం చెప్పడం కాదు, మనిషిని ఉత్త పనికి తిప్పడం. పరీక్షలో రాయవలసి వస్తే ఇంతవరకే రాయమ్మా.

ప్రశ్న: ఫ్రాన్సులో ఏప్రిల్ 1ని ‘ఏప్రిల్ చేప’ అంటారట. ఫూల్‌కూ చేపకూ ఏమిటి సంబంధం?
– ఒక గృహిణి, నరసాపురం

జవాబు: అక్కడి పిల్లలు కాగితం మీద చేప బొమ్మ గీసి, రంగు వేసి, కత్తిరించి, ఎదుటివాడు చూడకుండా వీపుకు అంటించి, అది బయటపడగానే ‘ప్వాసోఁ దవ్రీల్’ అని కేక వేస్తారు. ‘ఏప్రిల్ చేప’ అని దాని అర్థం. ఇటలీలో కూడా ఇదే పేరు, ఇదే పద్ధతి. 20వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో ఈ రోజు కోసమే చేపల బొమ్మలతో పోస్టుకార్డులు అచ్చువేసి అమ్మేవారు. ఇప్పటికీ మిఠాయి దుకాణాల్లో చాక్లెట్ చేపలు కనిపిస్తాయి.

చేపే ఎందుకన్నదానికి మూడు నాలుగు వివరణలు ఉన్నాయి. వసంతంలో గుడ్ల నుంచి కొత్తగా వచ్చిన చేప ఎరకు తేలిగ్గా చిక్కుతుందని ఒకటి. ఈస్టరుకు ముందు మాంసం మానేసి చేపలు తినే ఉపవాస దినాల సందడి అని మరొకటి. సూర్యుడు మీనరాశిని వదిలే కాలమని ఇంకొకటి. గోదావరి ఒడ్డున ఉండే మీకు మొదటిదే నచ్చుతుందనుకుంటాను, నాకూ అంతే, కానీ నచ్చడం వేరు, రుజువు కావడం వేరు. ‘ఏప్రిల్ చేప’ అన్న మాట 1508 నాటి ఒక ఫ్రెంచి పద్యంలోనే కనిపిస్తుంది. అయితే ఎలోయ్ దమెర్వాల్ అనే ఆ కవి దాన్ని ఏప్రిల్ 1ని ఉద్దేశించే వాడాడని సందర్భాన్ని బట్టి చెప్పలేము.

వీపు సంగతి వచ్చింది కాబట్టి మా బడి ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. నేను ఏడో తరగతి చదివే రోజుల్లో ఏప్రిల్ 1 వస్తోందంటే ఇంట్లో బంగాళాదుంపలు మాయమయ్యేవి. దుంపను అడ్డంగా రెండు చెక్కలు కోసి, తడి పోయేలా చొక్కా అంచుతో అద్ది, బ్లేడు ముక్కతో ‘ఏ’, ‘ఎఫ్’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉబ్బెత్తుగా నిలిచేలా చుట్టూ చెక్కి, సిరా పూసి, గుప్పిట్లో దాచుకొని, స్నేహంగా భుజం మీద చేయి వేసినట్టు నటిస్తూ తెల్ల చొక్కా వీపున అచ్చు కొట్టేవాళ్ళం. అక్షరాలను తిరగేసి చెక్కితేనే చొక్కా మీద సరిగ్గా పడతాయన్న సంగతి మొదటి ఏడాది నాకు తట్టలేదు. ‘ఏ’ అక్షరం ఎటు చూసినా ఒకటే కాబట్టి ఇబ్బంది రాలేదు గాని, ‘ఎఫ్’ మాత్రం వెనక్కి తిరిగి నిలబడింది. నా చేత అచ్చు వేయించుకున్నవాడు అద్దంలో వీపు చూసుకొని, తన వీపున అది సరిగ్గానే ఉందని, మిగతావాళ్ళకే తప్పుగా కనిపిస్తోందని వాదించాడు. ఫ్రాన్సు పిల్లల కాగితపు చేప మా సిరా ముద్ర కంటే నూరు రెట్లు మేలు, తల్లులు చొక్కాలు నానబెట్టుకొని ఉతకవలసిన పని ఉండదు.

ప్రశ్న: రోమను చక్రవర్తి కాన్‌స్టంటైన్ తన ఆస్థాన విదూషకుణ్ణి ఒక రోజు రాజుగా కూర్చోబెట్టినప్పటి నుంచి ఈ పండుగ వచ్చిందని ఒక క్విజ్ పుస్తకంలో జవాబుగా ఇచ్చారు. మీరు ధ్రువీకరించగలరా?
– పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న ఒక యువకుడు, అనంతపురం

జవాబు: ఆ పుస్తకాన్ని పక్కన పెట్టేయండి. ఆ విదూషకుడి పేరు ‘కూగల్’ అని కూడా అందులో ఉండాలే! 1983లో అమెరికాలోని బోస్టన్ విశ్వవిద్యాలయ చరిత్ర ఆచార్యుడు జోసఫ్ బోస్కిన్‌ను అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి ఒకరు ఫోన్లో పట్టుకొని ఏప్రిల్ ఫూల్ పుట్టుక చెప్పమని అడిగాడు. తనకు తెలియదని ఆచార్యుడు చెప్పినా విలేకరి వదలకపోవడంతో, ఆయన అప్పటికప్పుడు ఒక కథ అల్లాడు. రాజ్యాన్ని తామైతే ఇంకా బాగా నడపగలమని విదూషకులు కాన్‌స్టంటైన్‌తో అన్నారట, చక్రవర్తి సరేనని కూగల్‌ను ఒక్కరోజు రాజును చేశాడట. కూగల్ అనేది యూదుల ఇళ్ళలో నూడుల్సుతో చేసే ఒక వంటకం పేరు. ఆ పేరు వినగానే పరిహాసమని పట్టేస్తాడనుకున్న విలేకరి పట్టుకోలేదు, ఆ వార్త దేశమంతటా పత్రికల్లో అచ్చయింది. కొన్ని వారాల తర్వాత బోస్కిన్ తన తరగతిలో అసలు సంగతి చెప్పడం, అది విద్యార్థుల పత్రికకు ఎక్కడం, వార్తాసంస్థ మండిపడటం వరుసగా జరిగిపోయాయి. ఒకసారి అచ్చులోకి ఎక్కిన కథ దిద్దుబాటు వేసినా దిగదు. అది అనంతపురంలో మీ చేతిలో ఉన్న క్విజ్ పుస్తకం దాకా వచ్చిందంటే, పాపం కూగల్ ఇంకా రాజ్యం చేస్తూనే ఉన్నాడన్నమాట.

ప్రశ్న: ఇటువంటి ఆచారం మన దేశంలో ఎక్కడా లేదా?
– ఒక పాఠకురాలు, డాలస్, అమెరికా

జవాబు: ఒకటి ఉంది, అది హోలీ. 1790లో కలకత్తాలో వెలువడిన ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ రెండో సంపుటంలో కర్నల్ పియర్స్ అనే కంపెనీ ఫిరంగిదళ అధికారి రెండు హిందూ పండుగల గురించి ఒక వ్యాసం రాశాడు. వారన్ హేస్టింగ్స్ 1780లో ఫిలిప్ ఫ్రాన్సిస్‌తో పిస్తోళ్ళ ద్వంద్వయుద్ధం చేసినప్పుడు హేస్టింగ్స్ పక్షాన సాక్షిగా నిలబడినవాడు ఈయనే. హోలీ రోజుల్లో అన్ని వర్గాల హిందువులకూ ఉన్న వినోదాల్లో ఒకటి, మనుషులను ఏదో పని మీద పంపి, వాళ్ళు వట్టి చేతులతో తిరిగొస్తే నవ్వుకోవడమని ఆయన రాశాడు. పెద్ద హోదాగల ముసల్మాను అయినా సిరాజుద్దౌలాకు ఇలా ‘హోలీ ఫూళ్ళను’ చేయడమంటే మహా సరదా అని తాను విన్నట్టు కూడా చేర్చాడు. ప్లాసీలో ఓడి చరిత్రకెక్కిన ఆ బెంగాల్ నవాబు, ఎవరినో లేని పనికి పంపి పగలబడి నవ్వుతున్న దృశ్యం పాఠ్యపుస్తకాల్లో మనకు దొరకదు.

పియర్స్ అక్కడితో ఆగకుండా, హోలీ ఆటకూ ఇంగ్లండు ఆటకూ మూలం ఒక్కటేననీ, పగలూ రాత్రీ సమానమయ్యే వసంత కాలపు అతి ప్రాచీనమైన పండుగ నుంచి రెండూ చీలి ఉంటాయనీ ఊహించాడు. ఆ మాటను పట్టుకొని తర్వాతివాళ్ళు మార్చి 25న జరిగే రోమనుల హిలారియా ఉత్సవాన్ని కూడా ఈ గొలుసులో చేర్చారు. నాకు ఈ గొలుసు మీద నమ్మకం లేదు. చలి తగ్గి ఎండ ముదిరే వేళ మనుషులకు అల్లరి పుట్టడానికి ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవలసిన పని లేదు. పియర్స్ సాక్ష్యంలో విలువైనది ఆయన సిద్ధాంతం కాదు, 18వ శతాబ్దపు బెంగాల్‌లో జనం ఏం చేస్తుండేవారో కళ్ళకు కట్టించిన ఆ రెండు మూడు వాక్యాలే.

తెలుగునాట పరాచికాలకు ప్రత్యేకంగా ఒక తేదీ అక్కరలేదు, పెళ్ళి ముహూర్తం ఉంటే చాలు. చెప్పులు దాచిన మరదళ్ళు, బిందెలో ఉంగరం వెతికిస్తూ చేతులు గిచ్చే చుట్టాలు, వియ్యాలవారి ఎత్తిపొడుపులు మనకు ఉండనే ఉన్నాయి. చెవిలో పువ్వు పెట్టడం, టోపీ వేయడం, బురిడీ కొట్టించడం అని ఈ విద్యకు ఇన్ని పేర్లున్న భాష, ఏప్రిల్ 1ని మాత్రం ‘ఏప్రిల్ ఫూల్’ అనే ఇంగ్లీషు పేరుతోనే ఉంచేసుకుంది. పేరును బట్టే అది ఎటునుంచి వచ్చిందో తెలుస్తోంది.

మీరు అమెరికాలో ఉన్నారు కాబట్టి మరొక మాట. స్పెయిన్‌లోను, స్పానిష్ మాట్లాడే లాటిన్ అమెరికా దేశాల్లోను ఈ సందడి డిసెంబరు 28న జరుగుతుంది. హేరోదు రాజు చంపించిన పసిబిడ్డలను తలుచుకునే క్రైస్తవ పర్వదినం అది, దాని పేరులోని ‘అమాయకులు’ అన్న మాటే తర్వాత మోసపోయేవాళ్ళకు కూడా వర్తించింది. మీ మెక్సికన్ పొరుగువారు ఆ రోజున అప్పు అడిగితే ఆలోచించి ఇవ్వండి.

ప్రశ్న: ఇంతవరకు జరిగిన వాటిలో మీకు బాగా నచ్చిన ఏప్రిల్ ఫూల్ ఏది?
– ఒక బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: తడుముకోకుండా చెబుతాను, 1957లో బీబీసీ టెలివిజన్ చూపిన స్పగెట్టి పంట. ‘పనోరమా’ అనే గంభీరమైన వార్తా కార్యక్రమం చివర సుమారు మూడు నిమిషాల పాటు, స్విట్జర్లండులోని టిచీనో ప్రాంతంలో ఒక కుటుంబం చెట్ల కొమ్మల నుంచి స్పగెట్టి పోగులను కోసి, బుట్టల్లో వేసి, ఎండలో ఆరబెడుతున్న దృశ్యాలు చూపించారు. చలి తీవ్రంగా లేకపోవడం వల్ల, స్పగెట్టికి పట్టే పురుగు పీడ విరగడ కావడం వల్ల ఈ ఏడాది దిగుబడి బాగుందని వ్యాఖ్యానం చెప్పింది రిచర్డ్ డింబుల్‌బీ. దేశంలో అందరూ గౌరవించే గొంతు అది. అదే మాటలు మరొకరు చెప్పి ఉంటే సగం మంది నవ్వి ఊరుకునేవారు.

ఈ ఆలోచన చార్ల్స్ డి జేగర్ అనే కెమెరామన్‌ది. ఆస్ట్రియాలో చదువుకునే రోజుల్లో ఆయన గురువు పిల్లలను, స్పగెట్టి చెట్లకు కాస్తుందంటే నమ్మే మొద్దులని తిట్టేవాడట. ఆ తిట్టు ఏళ్ళ తరబడి ఆయన మనసులో ఉండిపోయి ఇలా పండింది. చిత్రీకరణకు వెళితే పోగులు గాలికి ఎండి బిరుసెక్కి కొమ్మలకు వేలాడటం మానేశాయి. ఉడకబెట్టి చూస్తే జారి కింద పడ్డాయి. చివరికి పచ్చి పోగులను తడి గుడ్డల మధ్య ఉంచి, అవసరమైనప్పుడు తీసి తగిలించారు. అబద్ధాన్ని ఇంత కష్టపడి సాగు చేసినందుకు ఫలితం దక్కింది. ఆ చెట్టును ఎలా పెంచాలని అడుగుతూ ఫోన్లు వచ్చాయి. ఒక స్పగెట్టి రెమ్మను టమాటా సాసు డబ్బాలో నాటి, ఆశ వదలకుండా ఉండమని బీబీసీ వాళ్ళు జవాబిచ్చారు. ఆనాటి బ్రిటన్‌లో చాలామందికి స్పగెట్టి అంటే టమాటా సాసులో నానిన డబ్బా సరుకుగానే తెలుసు కాబట్టి, వాళ్ళను మరీ తక్కువగా అంచనా వేయకూడదు. ఇంట్లో చేత్తో తిప్పే మిషను మంచపు పట్టెకు బిగించి సేమ్యా తీసి, కర్రల మీద వేలాడదీసి ఆరబెట్టిన మన అమ్మమ్మలను మాత్రం ఆ చిత్రం క్షణం కూడా మోసం చేయగలిగేది కాదు. కూగల్, స్పగెట్టి రెండూ నూడుల్సు కుటుంబానివే కావడం యాదృచ్ఛికమే అయినా, నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

స్వీడన్‌లో 1962 ఏప్రిల్ 1న ఒకే ఒక్క నలుపు తెలుపు టీవీ చానల్ ఉన్న రోజుల్లో, తెరమీద నైలాన్ మేజోడు సాగదీసి కడితే రంగులు కనిపిస్తాయని ఒక సాంకేతిక నిపుణుడు శాస్త్రీయ పదజాలంతో వివరించి ఎందరినో మోసగించాడు. అక్కడ నిజమైన రంగుల ప్రసారాలు క్రమం తప్పకుండా మొదలైంది 1970 ఏప్రిల్ 1న. ఇందుకు పూర్తిగా తిరగబడిన ఉదంతం 2004లో జరిగింది. పోటీదారులు రెండు నుంచి నాలుగు మెగాబైట్ల చోటిస్తున్న కాలంలో ఒక గిగాబైటు ఇస్తామని గూగుల్ సరిగ్గా ఏప్రిల్ 1న జీమెయిల్‌ను ప్రకటించేసరికి, చాలామంది అది వేళాకోళమనే అనుకున్నారు.

ప్రశ్న: మన ప్రభుత్వం ఆర్థిక సంవత్సరాన్ని ఏప్రిల్ 1నే ఎందుకు మొదలుపెడుతుంది? జీతాలు చూసుకుంటే ఇదీ ఒక ఫూల్ చేయడమేనా అనిపిస్తోంది.
– ఒక ప్రభుత్వోద్యోగి, కర్నూలు

జవాబు: రెండింటికీ చుట్టరికం లేదు. మన దేశంలో ఆర్థిక సంవత్సరం 1867 దాకా మే 1న మొదలయ్యేది. బ్రిటిష్ ప్రభుత్వ లెక్కలతో సరిపోవడానికి ఆ ఏడాది ఏప్రిల్ 1కి మార్చారు. జీతం విషయంలో నేనేమీ చెప్పలేను.

ప్రశ్న: ఈ సరదా వల్ల ఎప్పుడైనా ప్రాణాల మీదికి వచ్చిందా?
– ఒక నర్సు, విశాఖపట్నం

జవాబు: వచ్చింది. 1946 ఏప్రిల్ 1న అలాస్కా దగ్గరి అల్యూషియన్ దీవుల్లో భారీ భూకంపం వచ్చి, దాని వల్ల పుట్టిన సునామీ అయిదు గంటల లోపు హవాయి దీవులను తాకింది. హైలో పట్టణంలో ఉదయం ఏడు గంటల వేళ సముద్రం వెనక్కి వెళ్ళి, ఆపైన గోడలా లేచి వచ్చింది. అల వస్తోందని కేకలు వేస్తూ పరిగెత్తుకొచ్చిన వాళ్ళను చూసి, తేదీ గుర్తుకొచ్చి నవ్వి ఊరుకున్నామని బతికి బయటపడినవాళ్ళలో కొందరు తర్వాత చెప్పారు. బడిపిల్లలు ఇంట్లో చెబితే పెద్దవాళ్ళు నమ్మలేదు. హవాయిలో ఆ రోజు 159 మంది చనిపోయారు. అప్పటికి హెచ్చరించే యంత్రాంగమేదీ లేకపోవడమే అంత నష్టానికి అసలు కారణం, తేదీ దానికి తోడైంది. ఆ తర్వాత 1949లో హవాయిలో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. మీ ఊరు కూడా సముద్రం ఒడ్డునే ఉంది. ప్రమాదం, మరణం, ఆసుపత్రి అనే మూడు మాటలను ఆ రోజు పరాచికాల్లో వాడకూడదని మా ఇంట్లో పిల్లలకు నేను పెట్టిన ఏకైక నియమం, మీకు ఉపయోగపడితే తీసుకోండి.

ప్రశ్న: ఏప్రిల్ 1న మీ కార్యాలయానికి ఒక చీటీ తీసుకువెళితే పదేళ్ళ పాత సంచికల కట్ట ఉచితంగా ఇస్తారని నా మిత్రుడొకడు చెప్పి, చీటీని కవరులో పెట్టి అంటించి ఇచ్చాడు. నిజమేనా? రైలు టిక్కెట్టు కొనే ముందు తెలుసుకుందామని రాస్తున్నాను.
– ఒక చిరకాల పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: టిక్కెట్టు కొనకండి. ఆ కవరు గురించి మాత్రం మీకు స్కాట్లాండ్ సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ ఈ ఆటను ‘గౌక్ వేట’ అంటారు. గౌక్ అంటే కోకిల జాతి పక్షి, వెర్రిబాగులవాడు అని కూడా అర్థం. ఒక అమాయకుడి చేతికి అంటించిన ఉత్తరం ఇచ్చి, అత్యవసరమని చెప్పి ఫలానా వారికి అందజేయమంటారు. అందుకున్నవారు విప్పి చూస్తే, నవ్వకుండా ఈ గౌక్‌ను మరో మైలు తరమండని అందులో ఉంటుంది. వాళ్ళు ముఖం గంభీరంగా పెట్టి, ఈ పని నావల్ల కాదు, అవతలి ఊళ్ళో ఫలానా ఆయన్ను కలవమని కొత్త ఉత్తరం రాసి పంపిస్తారు. మీ కవరు మా దగ్గరికి వచ్చి ఉంటే మేము మిమ్మల్ని ఏలూరు పంపి ఉండేవాళ్ళమేమో!

ఇంగ్లండులో ఈ వేడుక మధ్యాహ్నం పన్నెండింటితో సరి, ఆ తర్వాత పరాచికం ఆడినవాడే ఫూల్ అవుతాడు. మీ మిత్రుడు చీటీ ఇచ్చిన తేదీ, వేళ మీ ఉత్తరంలో రాయలేదు. పన్నెండు దాటాక ఇచ్చి ఉంటే, ఆ కవరును అలాగే విప్పకుండా తిరిగి ఆయన చేతికే ఇచ్చి, మా కార్యాలయంలో ఆయన స్వయంగా వస్తేనే కట్ట ఇస్తామన్నారని చెప్పండి. వచ్చే రోజు ముందుగా తెలియజేస్తే, మా తెల్ల ద్వారం దగ్గర ఎదురుచూస్తూ ఉంటాము.